గుత్తి పేరున్న నీలి సాలెపురుగు



ఎమ్మిగనూరు పిల్లలకు మగ్గం కొత్త కాదు. కానీ సాలెపురుగు పేరులోని ‘సాలె’ అంటే నేతగాడేనని వాళ్లను అడిగి చూడండి, చాలామందికి తెలియదు. ఈ నెల సైన్సు పాఠానికి తోడుగా, మన పక్క ఊరి పేరు మోస్తున్న ఒక సాలెపురుగు కథను ఇంట్లో చెప్పండి.

ఆదోనిలో చెన్నై వైపు రైలెక్కితే గుంతకల్లు దాటాక గుత్తి వస్తుంది. అక్కడి రైల్వే కలప డిపోలో దొరికిన ఒకే ఒక్క సాలెపురుగును పరిశీలించి, 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దాన్ని కొత్త జాతిగా ప్రకటించారు. శాస్త్రీయ నామం పీసిలోథీరియా మెటాలికా. వాడుకలో గుత్తి టరాంటులా. ఆ తర్వాత వందేళ్లకు పైగా దాని జాడే లేదు. చివరికి 2001లో కనిపించింది. అయితే గుత్తిలో కాదు! అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో.

మరి గుత్తికి ఎలా వచ్చింది? జవాబు వెంటనే చెప్పకండి, ‘కలప డిపో’ అన్న మాట మాత్రం గుర్తు చేయండి. అడవిలో కొట్టిన దుంగలతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని నిపుణుల అంచనా. దొరికిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు. మన పిల్లలు బట్టీ పట్టే పాఠాల్లో ఇలాంటి ప్రశ్న అరుదు.

దీని రంగు నెమలికంఠం నీలం. నూలుకైతే రంగు అద్దుతాం. దీని వెంట్రుకల్లో నీలిరంగు పదార్థమేమీ లేదు. వాటి అతిసూక్ష్మ నిర్మాణం వెలుతురులోని నీలాన్నే వెనక్కి పంపుతుంది. ఇంట్లో నెమలి పింఛం ఉంటే అటూ ఇటూ తిప్పి చూపించండి, అదీ ఇలాంటిదే.

పగలు చెట్టు తొర్రలో దాక్కుని, రాత్రి పురుగులను వేటాడుతుంది. పెద్ద చెట్లు పోతే ఇల్లు పోయినట్టే. అది బతికే అడవి 100 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2008లో దీన్ని తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది.

ఆ అందమే దానికి శత్రువైంది. విదేశాల్లో పెంపుడు జీవిగా అమ్ముతారు. 2019 నుంచి ఈ వ్యాపారంపై అంతర్జాతీయ నియంత్రణ ఉంది. మీ అబ్బాయి ఫోనులో వీడియో చూపించి ‘ఇది కొందామా నాన్నా’ అంటే, ముందు ఈ కథ చెప్పండి. కుడితే నొప్పి, కండరాల తిమ్మిర్లు తీవ్రంగా ఉంటాయని కూడా చెప్పండి.