క్రొత్త యుద్యోగమును తూచు విధము

ఉద్యోగమును వెదకుట యెట్లో విద్యార్థులకు చెప్పువారు పెక్కుమంది గలరు. అర్జీ వ్రాయు తీరు, పెద్దల యెదుట కూర్చుండి ప్రశ్నలకు బదులు చెప్పు తీరు మున్నగునవి పాఠశాలలలోనే కొంత నేర్పుచున్నాము. కాని వెదకినది దొరకి, ఫలానా తేదీన వచ్చి చేరవలసినదను ఉత్తరువు చేతికి వచ్చిన పిమ్మట, దాని నొప్పుకొనవలెనా మానవలెనా యని విచారించు మార్గమును చెప్పువా రరుదు. ఇంటిలో సంతోషము, ఇరుగుపొరుగువారి యభినందనలు. ఈ సందడిలో ఆ కాగితమును రెండవసారి చదువువారే తక్కువ. ఈ వ్యాసమున మేమా విచారణను గూర్చియే వ్రాయదలచితిమి.

ఇందుకు తగిన యుదాహరణ మొకటి శాస్త్రచరిత్రలో గలదు. 1772వ సంవత్సరమున ఇంగ్లండు దేశములోని లీడ్సు పట్టణమున జోసెఫు ప్రీస్ట్లీగారు మిల్ హిల్ ప్రార్థనాలయమునకు బోధకులుగా నుండిరి. రసాయనశాస్త్రము చదువు విద్యార్థులకు ప్రాణవాయువును కనుగొనినవారిలో నొకరుగా వీరి పేరు పరిచితమే. లీడ్సులో వీరికి ఏటికి 100 గినీల జీతమును, నివసించుటకు ఇల్లును ఉండెను. ఊరు నచ్చినది, పని నచ్చినది; కాని పెరుగుచున్న కుటుంబమునకై వెనుక వేయుటకు మిగులు లేకుండెను. అట్టి సమయమున లార్డు షెల్బర్ను అను ప్రభువు వీరికి కబురంపెను. తన గ్రంథాలయమును చూచుకొనుచు, తన కుమారుల చదువును కనిపెట్టుచు, తనకు తోడుగా నుండినచో ఏటికి 250 పౌండ్ల జీతమును, ఇల్లును ఇత్తుననెను.

జీతము రెండింతల కంటె నెక్కువ. మనలో నెవరైనను ఆ సాయంకాలమే మూట కట్టుకొని యుందుము. ప్రీస్ట్లీగా రట్లు చేయలేదు. జీతమును గూర్చిన మాటలు ఎంతవరకు నిలుచునో వారికి అనుభవమున్నది. 1755లో నీడమ్ మార్కెట్ అను చిన్న యూర మొదటి కొలువున చేరినప్పుడు, ఏటికి 40 పౌండ్లని యాశపెట్టిన జీతము 30 పౌండ్లను మించి చేతికి రాలేదు. పైగా ప్రార్థనాలయమున బోధకుడు పదిమందికి జవాబుదారి. ప్రభువు నింట నుండువాడు ఒక్కని మనోభావమునకు లోబడినవాడు. ఎటును తేల్చుకొనలేక వారు తమ మిత్రులైన బెంజమిను ఫ్రాంక్లినుగారి సలహా నడిగిరి.

ఫ్రాంక్లినుగారు 1772 సెప్టెంబరు 19వ తేదీన లండను నుండి వ్రాసిన ప్రత్యుత్తరము నేటికిని నిలిచియున్నది. తమకు విషయములన్నియు తెలియవు గనుక ఏమి చేయవలెనో చెప్పజాలమనియు, ఎట్లు తేల్చుకొనవలెనో మాత్రము చెప్పగలమనియు వారు వ్రాసిరి. ఆ పద్ధతి యిది. ఒక కాగితమునకు నడుమ గీత గీసి, ఒక ప్రక్క అనుకూలములను, మఱియొక ప్రక్క ప్రతికూలములను వ్రాయవలెను. ఇది యొక్క పూటలో ముగించు పని కాదు. మూడు నాలుగు దినములు, తోచినది తోచినట్లు చేర్చుచుండవలెను. కారణములన్నియు నొకేసారి మనస్సునకు రావు. ఒకటి యెదుట నున్నప్పుడు మఱియొకటి మరుగున పడును. ఉదయము పోదమనియు, సాయంకాలము మానుదమనియు తోచుటకు హేతు విదియే. అన్నియు చేరిన పిమ్మట వాని బరువులను పోల్చి, సమానమైనవానిని ఇరుప్రక్కల కొట్టివేయవలెను. ఒక అనుకూలము రెండు ప్రతికూలములకు సరిపోయినచో ఆ మూడింటిని కొట్టివేయవచ్చును. ఇట్లు కొట్టగా మిగిలిన ప్రక్కను చూచి, మఱి యొకటి రెండు దినములు ఆగి, క్రొత్త విషయ మేదియు తోచనిచో నిర్ణయింపవలెను.

ఈ పద్ధతిలో మిక్కిలి విలువైనది గీత కాదు, ఆ మూడు నాలుగు దినములని మా యభిప్రాయము. నేడు ఉద్యోగ మిచ్చువారు కొందరు ఈ సాయంకాలము లోపల ఒప్పుకొనవలెనని టెలిఫోనులో తొందరపెట్టుదురు. మర్యాదగా మూడు దినముల గడువు నడుగుట తప్పు కాదు. ఆ మాత్రమునకే విసుగుకొనువా డగుపడినచో, ఆ విషయమును గూడ ప్రతికూలముల ప్రక్క వ్రాసికొనవచ్చును.

ప్రీస్ట్లీగారు తుదకు ఒప్పుకొని 1773లో విల్ట్‌షైరులోని కాన్ అను పట్టణమునకు తరలిరి. 1774 ఆగస్టు 1వ తేదీన, ఆ ప్రభువుగారి బోవుడ్ భవనమునందే, పాదరసపు ఎఱ్ఱని భస్మముపై పెద్ద భూతద్దముతో ఎండను పడజేసి, క్రొవ్వొత్తిని ప్రజ్వలింపజేయు ఆ వాయువును పట్టిరి. 1780లో ప్రభువునకును వారికిని కొలువు తెగినది. అయినను వారు వీధిని పడలేదు. ఏలయన, కొలువు ముగిసినచో జీవితాంతము ఏటికి 150 పౌండ్లు ఇయ్యవలెనని చేరుటకు ముందే ఏర్పాటు చేసికొనిరి. ఆ సొమ్ము వారికి ముట్టుచునే వచ్చినది. చేరునాడు విడిపోవుటను గూర్చి మాటాడుట అమంగళమని మనవా రెంచుదురు. ఆ యెంచికయే పెక్కు కుటుంబములకు నష్టము తెచ్చుచున్నది.

ఇక మన విషయమునకు వత్తము. గుంటూరున ఒక దుకాణములో లెక్కలు వ్రాయుచు నెలకు 18,000 రూపాయలు తెచ్చుకొను యువకు డొక డున్నాడనుకొందము. ఇంటనే భోజనము, ఇంటి ఖర్చునకు 4,000 ఇచ్చును. వానికి హైదరాబాదు నుండి ఏటికి 3,60,000 రూపాయల ఉద్యోగము వచ్చినది. నెలకు ముప్పది వేలని తల్లిదండ్రులు పన్నెండుతో భాగించి సంతోషింతురు. కాని ఉత్తరువులో "సీటీసీ" యను మూడక్షరములు గలవు. అది జీతము కాదు. ఆ యుద్యోగిపై సంస్థకు అగు మొత్తము వ్యయము. అందులో 36,000 పనితీరును బట్టి ఇయ్యబడునది, అనగా ఇయ్యబడకయు పోవచ్చును. మూలవేతనము 15,000 అయినచో భవిష్యనిధికి సంస్థ కట్టు నూటికి 12 వంతున ఏటికి 21,600. గ్రాట్యుటీ పేర సుమారు 8,650. ఇవి పోగా నెలకు సుమారు 24,480. ఇందుండి ఉద్యోగి వంతు భవిష్యనిధి 1,800, తెలంగాణములో వృత్తిపన్ను 200 తీసివేయగా చేతికి వచ్చునది దాదాపు 22,480. వసతిగృహమున గదికిని భోజనమునకును 8,000, బస్సునకు 1,500 వేసికొందము. మిగులు పదమూడు వేలకు లోపు! గుంటూరిలో మిగులు పదునాలుగు వేలు.

దీనిని చూచి క్రొత్త యుద్యోగము మోసమని తలపరాదు. దుకాణమున లేని భవిష్యనిధి యిక్కడ నున్నది. సంస్థ కట్టు 12 వంతులలో 8.33 వంతులు పింఛను పథకమునకు పోయినను, నెలనెలకు 2,350 రూపాయలు వాని పేర నిలువయగుచుండును. నేర్చుకొను పని యేమి, దానితో మూడేండ్లకు ఎక్కడికి చేరగలడు అనునవి అంకెలలో పట్టవు గాని బరువులో తక్కువవి కావు. పెండ్లి కావలసిన చెల్లెలు, వడ్డీ పెరుగుచున్న అప్పు ఇంట నున్నవానికి మాత్రము చేతికి వచ్చు సొమ్మే ప్రధానము కావచ్చును. ఒకే కాగితము ఇద్దరి తక్కెడలలో వేరువేరుగ తూగును. అందుచేత మిత్రుడు చేరినాడని చేరుట, వాడు మానినాడని మానుట రెండును అవివేకములే.

గ్రాట్యుటీని గూర్చి యొక మాట. 1972 చట్టము నాటినుండి, స్థిరోద్యోగి సాధారణముగా ఐదేండ్లు పనిచేసిననే అది లభించును; ఏటికి పదునైదు దినముల వేతనము చొప్పున లెక్క కట్టుదురు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతి ప్రకారము, నిర్ణీత కాలమునకు నియమింపబడినవారికి ఒక సంవత్సర సేవతోనే దానిని పొందు వీలు కలిగినది. నాలుగున్నర యేండ్లు ఒకచోట పనిచేసి, కొంచెము హెచ్చు జీతమునకు మారబోవువాడు ఈ యంశమును తప్పక వ్రాసికొనవలెను.

ఉత్తరువులోని షరతులను చివరి పుటవరకు చదువవలెను. ఇన్నేండ్లు పనిచేయనిచో ఇంత సొమ్ము కట్టవలెనను ఒడంబడికను వాడుకలో బాండు అందురు. ఇవి చెల్లవని యువకులలో నొక నమ్మకము గలదు. అది పూర్తిగా నిజము కాదు. 1872 నాటి ఒడంబడికల చట్టమును బట్టి, ఉద్యోగము మానిన పిమ్మట అదే వృత్తి మఱెక్కడను చేయరాదను నిర్బంధము సామాన్యముగా చెల్లదు. కాని ఉద్యోగములో నుండు కాలమునకు సంబంధించిన షరతు వేరు. ఒక ప్రభుత్వ బ్యాంకు మూడేండ్లు పనిచేయనివారు రెండు లక్షలు చెల్లింపవలెనని పెట్టిన షరతును 2025 మే నెలలో సుప్రీముకోర్టు సమర్థించినది. చదువు సర్టిఫికెట్ల అసలు ప్రతులను తమవద్ద నుంచుమని యడుగువారును గలరు. చూపవలెను, నకళ్ల నియ్యవలెను. అసలు ప్రతులను విడువరాదు.

కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతముల నుండి గల్ఫు దేశములకు పోవువారి విషయము ఇంకను జాగ్రత్తగా చూడదగినది. పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాడు సౌదీ అరేబియా, కువైటు, ఖతరు మొదలగు దేశములకు పనికి పోవలెనన్న, 1983 వలసల చట్టము క్రింద వలసల సంరక్షకాధికారి అనుమతి కావలెను. ఉత్తీర్ణునకు ఈ యడ్డు లేదు. ఇది గౌరవమే, కాని ఒడంబడికను పరిశీలించు అధికారి కన్ను గూడ తప్పిపోవుచున్నది గనుక ఆ పనిని తానే చేసికొనవలెను. లైసెన్సు గల ఏజెంటు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. అంతకు మించి యడుగువాడు నియమమును మీరినవాడే. ఊరిలో తిరుగు ఉప ఏజెంటులకు లైసెన్సు ఉండదు. ముందు సందర్శక వీసాపై పొమ్ము, అక్కడ మార్పించెదము అనువాని మాటపై భూమి తాకట్టు పెట్టిన కుటుంబములు మన యెరుకలో పెక్కు గలవు.

ఒప్పుకొనుటకు నిశ్చయించినను, క్రొత్త ఉత్తరువు సంతకముతో చేతికి రానిదే పాత యుద్యోగమునకు రాజీనామా పంపరాదు. నోటీసు కాలమెంతో చూచుకొని, ఆ దినములు పనిచేసి, విడుదల పత్రమును తీసికొనవలెను. భవిష్యనిధి సంఖ్య ఉద్యోగము మారినను మారదు. దానిని క్రొత్త సంస్థవారికి తెలిపి, పాత నిలువను అచ్చటికి చేర్పించుకొనవలెను. పింఛనునకు పది సంవత్సరముల సేవ కావలెను. ఒకచోట నాలుగేండ్లు, మఱియొకచోట ఆరేండ్లు పనిచేసినను, నడుమ ఆ సొమ్మును తీసికొనకున్నచో రెండును కలిసి లెక్కకు వచ్చును.