ప్లే కాని వీడియో గురించి అల్లుడికి



శంషాబాద్‌లో స్టూడియో నడిపేవాడికి ఒక చిక్కు తప్పదు. బెంగళూరు రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో పెళ్లి అవుతుంది, ఆ రాత్రికే ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కాలి. ఈ రెంటి మధ్య పెన్‌డ్రైవ్ పట్టుకుని పెళ్లివారు నీ కౌంటరు దగ్గరికొస్తారు, వీడియో ఓపెన్ కావట్లేదంటూ. ఆ కంగారులో చేయి కన్వర్టర్ మీదికో, నెట్‌లో దొరికే కోడెక్ ప్యాక్ మీదికో పోతుంది. పోనివ్వకు. ప్లే కాకపోవడం వేరు, పాడైపోవడం వేరు. రెంటిలో ఏదో తేలేదాకా ఫైలును మార్చొద్దన్నదే నా మాట.

ఎంపీ4 అన్నది డబ్బా మీద అంటించిన చీటీ లాంటిది, లోపలి సరుకేమిటో అది చెప్పదు. లోపల బొమ్మ హెచ్.264 అనే కోడెక్‌లో ఉండొచ్చు, హెచ్‌ఈవీసీ అనే కోడెక్‌లో ఉండొచ్చు. మొదటిది 2003లో వచ్చింది, దాన్ని ఆడించలేని కంప్యూటరు ఇప్పుడు అరుదు. రెండోది 2013 నాటిది. 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్లు దానికి మళ్లాయి. ఫైలు దాదాపు సగానికి తగ్గుతుంది గానీ, చాలా విండోస్ మిషన్లలో దానికి కావలసిన ఎక్స్‌టెన్షన్‌ను విడిగా కొని వేసుకోవాలి. అందుకే ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తి మొత్తం పట్టేలా తీసిన వీడియో ఫోన్లో చక్కగా ఆడుతుంది, ఇంటి కంప్యూటర్లో మాత్రం మాట వినబడి తెర నల్లగా ఉండిపోతుంది. మాట వస్తోందంటే ఫైలు చాలావరకు బాగున్నట్టే. వీఎల్‌సీలో తెరిచి కంట్రోల్, జె కలిపి నొక్కితే లోపలున్న కోడెక్ పేరు కనబడుతుంది. వీఎల్‌సీ తనకు కావలసిన కోడెక్‌లను తనతోనే తెచ్చుకుంటుంది, కాబట్టి అందులో ఆడితే తప్పు ఫైలుది కాదు.

అందులోనూ ఆడకపోతే సైజు చూడు. సున్నా ఉంటే కాపీ పూర్తికాకముందే పెన్‌డ్రైవ్ లాగేసి ఉంటారు. కెమెరా కార్డు తెమ్మను. సైజు జీబీల్లో ఉండి ఒక్క సెకను కూడా ఆడకపోతే సంగతి వేరు. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక ఎంపీ4లో ఉంటుంది, దాన్ని మూవ్ అంటారు. చాలా కెమెరాలు రికార్డింగు ఆపినప్పుడే దాన్ని రాస్తాయి. తలంబ్రాల మధ్యలో బ్యాటరీ అయిపోతే బొమ్మంతా కార్డులోనే ఉంటుంది, పట్టిక మాత్రం ఉండదు. అదే కెమెరాతో, అదే సెట్టింగులో తీసిన మంచి క్లిప్పును నమూనాగా ఇస్తే అన్‌ట్రంక్ వంటి ప్రోగ్రాము చాలాసార్లు ఆ పట్టికను తిరిగి కట్టగలదు. ఈ పని కాపీ మీదే చెయ్యాలి. ఈలోగా ఆ కార్డులో ఇంకేమీ షూట్ చెయ్యకూడదు, ఫార్మాట్ మాట అసలే వద్దు.

విమానానికి టైమవుతుంటే ఇంత విచారణ ఎక్కడ కుదురుతుంది, కన్వర్ట్ చేసిచ్చేస్తే పోలేదా అంటావు. కోడెక్ చూడటానికి అర నిమిషం చాలు. మూడు గంటల పెళ్లి వీడియోను మామూలు మిషన్ మీద కన్వర్ట్ చేస్తే విమానం నిజంగానే వెళ్లిపోతుంది. పైగా కన్వర్ట్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, ముందుగా పోయేది పట్టుచీర జరీ మెరుపే. పట్టిక లేని ఫైలునైతే కన్వర్టర్ తెరవనే లేదు. హ్యాండీక్యామ్ ఎంటీఎస్ ఫైళ్ల వంటివాటికి డబ్బా మారిస్తే చాలు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో కాపీ పద్ధతి నిమిషాల్లో, నాణ్యత తగ్గకుండా ఆ పని చేస్తుంది. కోడెక్ ప్యాక్ అందరూ వేసుకుంటున్నారు కదా అంటే, ఊరూపేరూ లేని సైటు నుంచి దించినదానితో వైరస్ కూడా దిగొచ్చు. తెగిన ఫైలుకు దానివల్ల ఒరిగేదీ లేదు. అవతల పాత టీవీ హెచ్‌ఈవీసీని ఆడించదని తెలిస్తే మాత్రం తప్పకుండా హెచ్.264లోకి మార్చివ్వు, కానీ అసలు ఫైలును కూడా పక్కనే పెట్టు.

సీసీటీవీ విషయంలో ఇంకా గట్టిగా ఉండు. కొన్ని డీవీఆర్‌ల నుంచి వచ్చే డీఏవీ ఫైలు మామూలు ప్లేయర్లలో సరిగా ఆడదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం ఇలాంటి రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, రాయాలి. నువ్వు కన్వర్ట్ చేసిన మరుక్షణం ఆ విలువ మారిపోతుంది. షాపువాళ్లు పోలీసులకివ్వాల్సిన ఫుటేజీ పట్టుకొస్తే దాన్ని ముట్టుకోకుండా, ఆ డీవీఆర్ కంపెనీ ప్లేయరును వేరే పెన్‌డ్రైవ్‌లో వేసి దానితోపాటు ఇచ్చిపంపు.

ఇట్లు,
మీ మామ