దండుకు ఉగ్రాణం చూసేదెవరు?

ఇంట్లో పెళ్లి. ఐదొందల మంది భోజనాలకు వస్తారు. ఉగ్రాణం తాళంచెవి ఎవరి చేతికిస్తాం? లెక్క తెలిసిన మనిషికిస్తాం. బియ్యం, పప్పు, నూనె ఎంత ఉన్నాయో, ఏ పూటకు ఎంత తీయాలో ఆ మనిషే చూడాలి. ఊరంతా చెప్పుకునేది మాత్రం పెళ్లికొడుకు గురించే!

సైన్యంలోనూ అలాంటి మనిషి ఉంటాడు. ఇప్పుడు ఆయన్ని క్వార్టర్ మాస్టర్ అంటారు. సిపాయిల తిండి, సామాన్లు, విడిది ఆయన చూస్తాడు. పేరు కొత్తది. పని పాతదే.

అక్కా, లెక్క వేసి చూడండి. మనిషికి రోజుకు అర కిలో బియ్యం అనుకుందాం. 1,000 మందికి రోజుకు 500 కిలోలు. 30 రోజులకు 15,000 కిలోలు. ఒక ఎద్దు 100 కిలోలు మోస్తే 150 ఎడ్లు కావాలి. మరి ఎడ్లకు మేతో?

చిల్లకూరు నుంచి నెల్లూరు పోయి, అక్కడి నుంచి వాయవ్య మూలకు పోతే ఉదయగిరి వస్తుంది. కొండమీద కోట. అప్పట్లో అది ఒడిశా గజపతి రాజులది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు దాని మీదికి దండు తెచ్చాడు. ఎక్కడం కష్టం. అందుకని చుట్టుముట్టి కూర్చున్నాడు. ఏడాదిన్నర! లోపల తిండి కరువైంది. 1514లో కోట రాయల చేతికి చిక్కింది.

బయట కూర్చున్నవాళ్లూ ఏడాదిన్నర తినాలి కదా. కోట గెలిచిన రాజు పేరు అందరికీ తెలుసు. ఆ దండుకు వడ్లు దంచినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు.

1520లో రాయలు రాయచూరు యుద్ధానికి పోయాడు. న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు తర్వాత ఆ సంగతులు రాశాడు. పది పన్నెండు వేల మంది తోలుతిత్తుల్లో నీళ్లు పట్టుకుని దారి పొడుగునా నిలబడ్డారట. దప్పికతో ఎవరూ చావకూడదని. నీళ్లు మోసే మనకు ఆ బరువు ఎంతో తెలుసు.

తర్వాతి కాలంలో మొగలాయి దండ్లకూ, ఇంగ్లీషువాళ్ల దండ్లకూ గింజలు చేర్చింది లంబాడీలు. వేల ఎడ్ల మీద గోతాలు వేసుకుని, ఆలుబిడ్డలతో నడిచేవారు. సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు కూడా మెట్ట సీమలకు మోసేవారు. ఆ ఎడ్ల బిడారునే తాండా అనేవారు. రైళ్లొచ్చాక ఆ బేరం పోయింది. ఇప్పుడు తాండా అంటే వాళ్లుండే పల్లె.

పలక మీద వేయండి: మీ ఇంట్లో ఎంతమంది? నెలకు బియ్యం ఎన్ని కిలోలు? ఏడాదికి ఎన్ని?