శ్రీకాకుళం మీదికొచ్చాక పెట్రోలు లెక్క

బైకు రిజర్వ్‌లో పడితే మనం పెద్దగా కంగారు పడం. నరసన్నపేట దాటాక పడినా, రణస్థలం దగ్గర పడినా హైవే పక్కన బంకు దొరుకుతుంది, లేదంటే తోసుకుంటూ పోతాం. రెండు సీట్ల విమానానికి ఈ రెండు వసతులూ లేవు. అయినా చిన్న ప్రైవేటు విమానాలు పెట్రోలు అయిపోయి పొలాల్లో దిగడం ఈనాటికీ ఆగలేదు. ఇంజిను బాగుంటుంది, రెక్కలు బాగుంటాయి, ట్యాంకే ఖాళీ. అదెలా జరుగుతుందో తెలియాలంటే మన జిల్లా మీదుగానే ఒక ప్రయాణం వేసి చూద్దాం. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి.

విమానం సెస్నా 152. ఫ్లయింగ్ స్కూళ్లలో చాలా ఏళ్లుగా వాడుతున్నదే. ట్యాంకుల్లో 26 అమెరికన్ గ్యాలన్లు పడతాయి గానీ, ఒకటిన్నర గ్యాలన్ అడుగునే ఉండిపోతుంది, ఇంజినుకి అందదు. వాడుకోడానికి వచ్చేది సుమారు 93 లీటర్లు. గంటకి 23 లీటర్లు తాగుతుందనీ, గాలిలేని రోజున 95 నాట్ల వేగంతో పోతుందనీ అనుకుందాం. నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు.

భువనేశ్వర్ నుంచి విశాఖకి తిన్నగా గీత గీస్తే సుమారు 211 నాటికల్ మైళ్లు. చిల్కా మీదుగా వచ్చి పలాస, టెక్కలి, శ్రీకాకుళం ఊళ్లకి దగ్గరగా పోతుంది ఆ గీత. గాలి లేకపోతే 2 గంటల 13 నిమిషాలు, 51 లీటర్లు. నేల మీద నడకకీ, పైకెక్కడానికీ 3 లీటర్లు కలపండి. విశాఖలో దిగడం కుదరకపోతే 88 మైళ్ల దూరంలో రాజమండ్రి ఉంది, దానికి 21 లీటర్లు. పగటిపూట నేలని చూసుకుంటూ ఎగిరేవాళ్లకి అంతర్జాతీయ నియమం ప్రకారం చివర 30 నిమిషాల నిల్వ ఉండాలి, అది పదకొండున్నర. మొత్తం 86.5 లీటర్లు. ట్యాంకులో 93 ఉంది కదా, సరిపోయింది.

ఇప్పుడు జూలై నెల అనుకోండి. నైరుతి గాలి. మనం పోయేది కూడా నైరుతి వైపే, అంటే గాలి మొహానికి కొడుతుంది. 20 నాట్ల ఎదురుగాలి పెడితే నేల మీద మన వేగం 75 నాట్లే. విశాఖకి 65 లీటర్లు, రాజమండ్రికి 27, మిగతావి అవే. మొత్తం 106.5. ట్యాంకు మాత్రం పెరగలేదు!

ఈ లెక్క వెయ్యకుండా బయల్దేరిన పైలట్ శ్రీకాకుళం మీదికి వచ్చాడనుకుందాం. 159 మైళ్లు వచ్చాడు, 2 గంటల 7 నిమిషాలు పట్టింది, ఇంకా 41 లీటర్లు ఉన్నాయి. నిల్వ తీసేస్తే 29.5. వెనక్కి తిరిగితే గాలి వీపున తోస్తుంది, వేగం 115 నాట్లు, అయినా భువనేశ్వర్‌కి 32 లీటర్లు కావాలి. తిరిగి వెళ్లే దారి 155వ మైలు దగ్గరే, అంటే ఊరికి ఓ 7 కిలోమీటర్ల ముందే, మూసుకుపోయింది. ముందుకు పోతే విశాఖ చేరేసరికి 25 లీటర్లు మిగులుతాయి. అక్కడ దిగనివ్వకపోతే రాజమండ్రికి 27 కావాలి. నిల్వంతా తాగేసినా రన్‌వేకి నాలుగైదు నిమిషాల ముందు ఇంజిను ఆగుతుంది. నాగావళి వంతెన కింద కనిపిస్తుంటే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. గేజీ కూడా సగానికి దగ్గరగా చూపిస్తుంది. చిక్కంతా అదే.

ఆ గేజీ గురించి ఒక మాట. అమెరికా ధ్రువీకరణ నియమం చిన్న విమానాల గేజీని ఖాళీ దగ్గర సున్నా చూపేలా సరిచెయ్యమంటుంది. మధ్యలో అది చూపే అంకె మీద బతుకు పెట్టుకోవడం తెలివైన పని కాదు. అందుకే బయల్దేరే ముందు రెక్క ఎక్కి ట్యాంకులో కొలకర్ర ముంచి చూస్తారు. గాల్లో నమ్మదగింది గడియారం. గాలిలేని లెక్కలో పలాస 1 గంట 15 నిమిషాలకి రావాలి, ఎదురుగాలిలో 1 గంట 34 నిమిషాలకి వస్తుంది. ఆ ఆలస్యాన్ని కాగితం మీద రాసుకున్నవాడికి టెక్కలి లోపే కథ అర్థమైపోతుంది. విశాఖ వాతావరణం రేడియోలో అడగాల్సింది అప్పుడే.

పెద్ద విమానాలకి ఇది పట్టదనుకోవద్దు. 1993 నవంబర్ 15న మద్రాసు నుంచి హైదరాబాద్ వెళ్లిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ300, అక్కడ సరిగా కనిపించక దిగలేకపోయింది. మళ్లీ పైకి లేచాక ఫ్లాపులు లోపలికి పోలేదు. అలాగే మద్రాసు దారి పట్టింది. ఫ్లాపులు బయట ఉంటే గాలి నిరోధం పెరుగుతుంది, మైలుకి తాగే ఇంధనం పెరుగుతుంది. మామూలు ప్రయాణానికి వేసిన లెక్క ఇక్కడ పనికిరాదు. ఇంధనం అయిపోయి తిరుపతి దగ్గర వరిపొలంలో దిగింది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. మన సెస్నాకి ఎదురుగాలి చేసిన పనే అక్కడ ఫ్లాపులు చేశాయి.

మరి భోగాపురం ఉందిగా అంటారు. ఆ విమానాశ్రయాన్ని ప్రత్యామ్నాయంగా వాడుకోనిస్తే లెక్క నిజంగానే మారుతుంది. విశాఖ నుంచి గాలి వాలున 5 లీటర్లలో చేరొచ్చు, అదే ఎదురుగాలి రోజున మొత్తం 85 దాటదు. విశాఖ రన్‌వే మీద ఏ విమానమో టైరు పేలి అడ్డంగా ఆగిపోతే భోగాపురం చాలు. కానీ 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్ని కొన్ని రోజులు మూయించిందంటే, ఆ గాలీ వానా నలభై కిలోమీటర్ల అవతల ఆగిపోయిందనా? పక్కూరి ఆకాశం మన ఆకాశమే. అలాంటి మబ్బు కమ్మిన రోజున రాజమండ్రి పేరే రాసుకోవాలి, 106.5 లీటర్లే కావాలి. 93 లీటర్ల విమానం ఆ పూటకి భువనేశ్వర్‌లోనే ఉంటుంది.