డిసెంబరు 6న పూలెందుకు?



ధమ్మ బంధువులారా, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు ఉంటున్న మన ఉపాసక ఉపాసికల మధ్య డిసెంబరు దగ్గరపడేసరికి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "దేవుళ్ల పటాలు తీసేశాం, విగ్రహారాధన వద్దనుకున్నాం. మరి బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేసి, పూలు చల్లి, చేతులు జోడిస్తే అది మాత్రం పూజ కాదా?" కొత్తగా దీక్ష తీసుకున్నవాళ్లు నిజంగా తెలుసుకోవాలని అడుగుతారు. ఆఫీసులో పక్క సీటువాళ్లు కొందరు నవ్వుతూ అడుగుతారు. ఎలా అడిగినా ప్రశ్న మంచిదే. జవాబు మన దగ్గర ఉండాలి.

ముందు ఆ రోజుల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చంద్రమణి మహాస్థవిరుల దగ్గర త్రిశరణ పంచశీలాలు స్వీకరించారు. ఆ తర్వాత అక్కడ చేరిన లక్షల మందికి తానే దీక్ష ఇచ్చి 22 ప్రతిజ్ఞలు చేయించారు. సరిగ్గా 53 రోజులకు, డిసెంబరు 6న, ఢిల్లీ అలీపూర్ రోడ్డులోని 26వ నంబరు ఇంట్లో నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 65. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేకపోయారు, అది 1957లో వచ్చింది. మర్నాడు బొంబాయి దాదర్ సముద్రతీరంలో బౌద్ధ పద్ధతిలో దహన సంస్కారం జరిగింది. ఈనాటి చైత్యభూమి అదే. అక్కడికి వచ్చిన జనం పూలు చల్లి, ఏడ్చి, ఊరికే తిరిగిపోలేదు. ఆ సందర్భంలోనే వేలమంది బౌద్ధ దీక్ష తీసుకున్నారు. మన స్మృతి దినం మొదలైంది అలాగ. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు, పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ఇక పూల సంగతి. పాళీలో 'పూజ' అంటే గౌరవించడం. వరం అడగడం, మొక్కు తీర్చుకోవడం ఆ మాటలో లేవు. విహారంలో బుద్ధుని ముందు పూలు పెట్టేటప్పుడు మనం చెప్పే పాళీ గాథ అర్థం ఎప్పుడైనా ఆలోచించారా? రంగు, వాసన ఉన్న ఈ పూలు ఎలా వాడిపోతాయో, నా శరీరం కూడా అలాగే నశిస్తుందని మనకు మనమే చెప్పుకుంటాం. అందులో లౌకికమైన కోరిక ఒక్కటీ లేదు. ఇంక్రిమెంటు ఇమ్మని లేదు, వీసా రావాలని లేదు. శ్రీలంకలో పున్నమి రోజున కలువలు, తామరలు పట్టుకుని విహారానికి వచ్చే ముసలమ్మలు చెప్పేది కూడా ఈ గాథే. పువ్వు అక్కడ అనిత్యం నేర్పే పాఠం. అందుకే ప్లాస్టిక్ పూల దండ మనకు పనికిరాదు. ఏడాదంతా వాడకుండా ఉండే దండ ఏ పాఠం చెబుతుంది? చవకని, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని కొంటున్నారు. దాని బదులు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో దొరికే చేమంతి ఒక్కటి చాలు.

మహాపరినిబ్బాన సుత్తంలో దీనికి సూటిగా సంబంధించిన ఘట్టం ఉంది. కుసినారలో రెండు సాల వృక్షాల మధ్య తథాగతుడు చివరిసారి పడుకున్నప్పుడు, ఆ చెట్లు కాలం కాని కాలంలో విరగబూసి ఆయన ఒంటి మీద పూలు రాల్చాయట. అప్పుడాయన ఆనందుడికి చెప్పిన మాట సారాంశం ఇది: తథాగతుణ్ణి నిజంగా గౌరవించడం ఈ పూలతో కాదు, ధమ్మం ప్రకారం నడిచేవాడే అందరికంటే ఎక్కువ గౌరవించినవాడు. వస్తువులతో చేసేదాన్ని ఆమిస పూజ అనీ, ఆచరణతో చేసేదాన్ని పటిపత్తి పూజ అనీ అంటారు. రెండోది గొప్పదని చెప్పారు గానీ మొదటిది పాపమని చెప్పలేదు. మన అమరావతి స్తూపం ప్రాకారం చూడండి, పై అంచు పొడవునా మనుషులు లావాటి పూలదండను అలలు అలలుగా మోసుకుపోతుంటారు. మన తెలుగు నేల మీద సుమారు రెండు వేల ఏళ్లనాడే బౌద్ధులు పూలతో గౌరవం చెప్పుకున్నారు. కాబట్టి పూలు మనం ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నవి కావు.

కానీ గీత ఎక్కడుందో తెలియాలి. 6వ ప్రతిజ్ఞ శ్రాద్ధం పెట్టనని, పిండదానం చేయనని చెబుతుంది. డిసెంబరు 6ను తద్దినంలా చేస్తే ఆ ప్రతిజ్ఞ పోయినట్టే. ఫొటోకు బొట్టు పెట్టడం, కొబ్బరికాయ కొట్టడం, హారతి ఇవ్వడం, ఆయనకిష్టమని విస్తట్లో వంటలు పెట్టడం, ఇవన్నీ పాత అలవాట్లు కొత్త పటం ముందుకు వచ్చి కూర్చోవడమే. పెద్దవాళ్లు ప్రేమతో చేస్తారు, కోప్పడకండి. పక్కన కూర్చుని వివరించండి.

ఇంకో గీత బాబాసాహెబ్ స్వయంగా గీశారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, మతంలో భక్తి ఏమైనా గానీ, రాజకీయాల్లో భక్తి, వీరపూజ పతనానికీ నియంతృత్వానికీ దారి అని హెచ్చరించారు. అలాంటి మనిషికి 2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 125 అడుగుల విగ్రహం లేచింది, 50 అడుగుల పీఠం మీద, పార్లమెంటు ఆకారంలో. దాని కింద నిలబడితే గర్వం కలుగుతుంది, కలగాలి కూడా. అయితే ఆ ఎత్తు చూసి మొక్కడానికి వెళ్తున్నామా, చదివినదాన్ని గుర్తుచేసుకోవడానికి వెళ్తున్నామా అనేది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి.

ధమ్మపద అట్ఠకథలో సుమనుడనే పూలవాడి కథ ఉంది. రాజగృహంలో బింబిసార రాజుకు రోజూ పొద్దున్నే ఎనిమిది కొలతల మల్లెపూలు ఇచ్చి ఎనిమిది నాణేలు తీసుకునేవాడు. ఒకరోజు దారిలో బుద్ధుడు ఎదురయ్యాడు. రాజు చంపించినా సరే అనుకుని పూలన్నీ ఆయనకే అర్పించేశాడు. భార్య హడలిపోయి, ఈ పనితో తనకే సంబంధం లేదని రాజుతో చెప్పుకుంది. రాజు మాత్రం సంతోషించి బహుమతులిచ్చాడు. పూలు గాల్లో పందిరిలా నిలిచాయని కథలో ఉంది, ఆ మహిమను పక్కన పెట్టేద్దాం. మిగిలేది ఒక కూలిమనిషి ధైర్యం. రోజూ యజమానికి వెళ్లే పూలు ఆ ఒక్కరోజు తాను గౌరవించే మనిషికి వెళ్లాయి.

హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకు ఈ కథ దగ్గరగానే తగులుతుంది. (యజమాని సొత్తు ఎత్తుకెళ్లమని చెప్పడం లేదు, సెలవు పెట్టమంటున్నాం!) చాలా కంపెనీల సెలవుల పట్టీలో డిసెంబరు 6 ఉండదు. మనవాళ్లు కొందరు "జ్వరం" అని మెసేజ్ పెట్టి ట్యాంక్‌బండ్‌కు వస్తారు. ఎందుకో మనకు తెలుసు. కారణం చెబితే కులం తెలుస్తుంది, తెలిశాక టీ దగ్గర మాటలు మారతాయి, అప్రైజల్‌లో ఏం మారుతుందో చెప్పలేం. ఆ భయాన్ని పిరికితనం అనడం అన్యాయం. కానీ పంచశీలంలో నాలుగోది అబద్ధం ఆడనని. ఆయన్ని గౌరవించడానికి వెళ్తూ ఆ శీలాన్నే తప్పడం ఎలా? అబద్ధం ఆడవద్దని శీలం చెబుతుంది, అన్నీ అందరికీ చెప్పమని చెప్పదు. "సొంత పని, సెలవు కావాలి" అనండి, అది నిజమే. చెప్పగలిగే స్థితిలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా టీమ్ లీడ్‌లు, మేనేజర్లు అయినవాళ్లు, "మహాపరినిర్వాణ దినం, నేను బౌద్ధుణ్ణి" అని రాయండి. మీరు రాస్తే కింద పనిచేసే కుర్రవాడికి రేపు రాయడం తేలికవుతుంది.

అవే టవర్లలో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాబ్ పనుల్లో ఉన్న మన అక్కలకు, తమ్ముళ్లకు ఒకరోజు సెలవంటే ఒకరోజు కూలి పోవడం. వాళ్లు రాలేదని ఎవరూ తక్కువగా చూడకూడదు. రాత్రి షిఫ్టు దిగి ఇంట్లో ఐదు నిమిషాలు కూర్చున్నా సరిపోతుంది. బుద్ధుని, బాబాసాహెబ్ పటాల ముందు కొవ్వొత్తి వెలిగించండి. ఒక పువ్వు పెట్టండి. త్రిశరణ పంచశీలాలు చెప్పుకుని, పూల గాథ అర్థం తెలుగులో ఒకసారి పైకి అనుకోండి. కాసేపు మౌనంగా ఉండండి. తర్వాత 22 ప్రతిజ్ఞల్లో ఏది మీకు ఇంకా కష్టంగా ఉందో ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోండి, ఈ భాగం మాత్రం వదలొద్దు.

విగ్రహం దగ్గరికి వచ్చేవాళ్లు రాయదుర్గం లేదా హైటెక్ సిటీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారి, ఖైరతాబాద్‌లోనో లక్డీకాపూల్‌లోనో దిగవచ్చు. రద్దీలో తోసుకోకుండా పిల్లల్నీ, పెద్దవాళ్లనూ ముందు పంపండి. విడిపూలు తెచ్చుకోండి, దండలైతే నూలు దారంతో కట్టించండి. ఇంట్లో పెట్టిన పూలు వాడిపోయాక హుస్సేన్‌సాగర్‌లోనో, దుర్గం చెరువులోనో పడేయకుండా బాల్కనీ కుండీలో మొక్క మొదట్లో వేయండి.