ఆట, చదువు, కొలువు: ఉట్నూర్ డిగ్రీ విద్యార్థి ముందున్న దారి

ఉట్నూర్ ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదివి డిగ్రీకి వచ్చిన విద్యార్థుల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందేల్లో ఆరితేరినవారు ఎందరో ఉన్నారు. అయితే డిగ్రీ చివరి సంవత్సరం దగ్గరపడేకొద్దీ ఆట చదువుకు అడ్డమన్న భావనతో కొందరు మైదానానికి పూర్తిగా దూరమవుతుండగా, మరికొందరు ఆటనే నమ్ముకుని డిగ్రీని మధ్యలో వదిలేస్తున్నారు. ఈ రెండు నిర్ణయాలూ నష్టమే తెస్తాయి. ఎందుకంటే క్రీడా కోటా నియమాలు గానీ, పోలీసు నియామక పరీక్ష గానీ, మెదడు మీద జరిగిన పరిశోధనలు గానీ ఆటనూ చదువునూ కలిపి సాగించడమే మేలని సూచిస్తున్నాయి.

పరిశోధనలు చెప్పేది

శరీరం శ్రమిస్తున్నప్పుడు గుండె, ఊపిరితిత్తులు కండరాలకు ఎంత సమర్థంగా ప్రాణవాయువును అందించగలవో తెలిపే కొలతను హృదయ శ్వాస సామర్థ్యం అంటారు. 1950 నుంచి 1976 మధ్య పుట్టి, 18 ఏళ్ల వయసులో సైనిక సేవకు ముందు జరిపే పరీక్షలకు హాజరైన సుమారు 12 లక్షల మంది స్వీడన్ యువకుల వివరాలను విశ్లేషించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ సామర్థ్యం ఎక్కువగా ఉన్నవారు బుద్ధి పరీక్షల్లో మెరుగైన ఫలితాలు సాధించారనీ, తర్వాతి కాలంలో ఉన్నత చదువుల్లోనూ ముందున్నారనీ తేలింది. కండబలానికి మాత్రం అలాంటి గట్టి సంబంధం కనిపించలేదు. అంటే చదువుకు తోడ్పడేది గెలిచిన కప్పు కాదు, క్రమం తప్పని పరుగు వంటి దమ్ము పెంచే సాధన కావచ్చు. ఇటువంటి సాధన వల్ల మెదడుకు రక్తప్రసరణ పెరుగుతుందనీ, కొత్త విషయాలను గుర్తుంచుకోవడంలో ముఖ్యపాత్ర వహించే హిప్పోకాంపస్ అనే భాగానికి మేలు జరుగుతుందనీ ఇతర అధ్యయనాలు సూచించాయి.

అయితే రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేల్చలేం. క్రమశిక్షణ ఉన్న విద్యార్థి ఆటలోనూ చదువులోనూ రాణించి ఉండవచ్చు; అలాగే నిద్ర మానుకుని, పాఠాలు వదులుకుని చేసే సాధన చదువును దెబ్బతీయవచ్చు. విశ్వవిద్యాలయ క్రీడలకు పేరుపడిన అమెరికాలో సైతం పోటీల కాలంలో విద్యార్థి క్రీడాకారుల సాధన వారానికి 20 గంటలు మించరాదని అక్కడి జాతీయ కళాశాలల క్రీడా సంఘం పరిమితి విధించింది. పోటీలకు వెళ్లని సాధారణ విద్యార్థికైతే, పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ స్థాయి వ్యాయామం చేయాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనే తగిన కొలత. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు వేగంగా నడిచినా అందులోని కనీస లక్ష్యం నెరవేరుతుంది.

కళాశాల జట్టు నుంచి క్రీడా కోటా వరకు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని డిగ్రీ కళాశాలలు 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. కళాశాల జట్టులో ఆడిన విద్యార్థి అంతర్ కళాశాలల పోటీల్లో ప్రతిభ చూపితే విశ్వవిద్యాలయ జట్టు ఎంపికలకు, అక్కడ నెగ్గితే అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు చేరుకుంటాడు. ఈ పోటీలను భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో నిర్వహిస్తారు. విశ్వవిద్యాలయం తరఫున ఆడాలంటే అందులో రెగ్యులర్ విద్యార్థిగా కొనసాగుతూ ఉండాలి గనుక, డిగ్రీ మానేసిన క్రీడాకారుడికి ఈ మెట్టు దక్కదు.

ఈ మెట్టుకు ఉద్యోగ నియామకాల్లో పెద్ద విలువ ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో ప్రతిభావంతులైన క్రీడాకారులను నేరుగా నియమించుకోవడానికి అనుమతించే నిబంధనలు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో విశ్వవిద్యాలయానికి ప్రాతినిధ్యం వహించినవారిని కూడా అర్హులుగా గుర్తిస్తున్నాయి. గరిష్ఠ వయోపరిమితిలో 5 ఏళ్ల వరకు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 10 ఏళ్ల వరకు సడలింపునకూ అవి అవకాశమిస్తున్నాయి. ఎంపికలో పతకం సాధించినవారికి ప్రాధాన్యం ఉంటుంది. ఆ ఉద్యోగానికి నిర్ణయించిన విద్యార్హత మాత్రం క్రీడాకారుడికీ తప్పదు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం క్రీడా కోటా ఉంది. ఆన్‌లైన్ ప్రవేశ విధానమైన దోస్త్ ద్వారా జరిగే డిగ్రీ ప్రవేశాల్లోనూ క్రీడా విభాగం ఉన్నందున ఇంటర్ విద్యార్థులు కూడా తమ పత్రాలను జాగ్రత్త చేసుకోవాలి.

ఇక్కడ చాలామంది నష్టపోయేది ఆటలో కాదు, కాగితంలో. పోటీ ముగిసినప్పుడు మైదానంలో ఇచ్చే, పాల్గొన్నట్టు తెలిపే పత్రం ఒక్కటే నియామక సమయంలో సరిపోదు. కేంద్ర నిబంధనల ప్రకారం అంతర్జాతీయ స్థాయికి ఫారం 1, జాతీయ స్థాయికి ఫారం 2, విశ్వవిద్యాలయ స్థాయికి ఫారం 3, పాఠశాలల జాతీయ క్రీడలకు ఫారం 4 అని వేర్వేరు నమూనాలున్నాయి. ఫారం 3 మీద విశ్వవిద్యాలయ క్రీడా విభాగం డీన్ గానీ, డైరెక్టర్ గానీ, ఆ బాధ్యతలో ఉన్న అధికారి గానీ స్వయంగా సంతకం చేస్తేనే అది చెల్లుతుంది. ఆడిన ఏడాదిలోనే ఈ పత్రాన్ని తీసుకోవడం సులభం. పట్టా చేతికొచ్చి ఏళ్లు గడిచాక ఉట్నూర్ నుంచి వరంగల్‌లోని విశ్వవిద్యాలయానికి తిరుగుతూ పాత రికార్డులు వెతికించుకోవడం కష్టం.

పోలీసు నియామకం చెప్పే పాఠం

ఏజెన్సీ యువత ఎక్కువగా ఎదురుచూసే కొలువుల్లో కానిస్టేబుల్ ఉద్యోగం ఒకటి. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 నోటిఫికేషన్ ప్రకారం మొదట ప్రాథమిక రాత పరీక్ష, తర్వాత దేహదారుఢ్య పరీక్షలు, చివరగా తుది రాత పరీక్ష జరిగాయి. అందులో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని నిర్దేశించారు. 400 మీటర్ల ట్రాకు మీద పురుష అభ్యర్థి నాలుగు రౌండ్లలో ఒక్కోదాన్ని దాదాపు 1 నిమిషం 48 సెకన్లలో పూర్తి చేస్తే గట్టెక్కుతాడు. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెట్టే హడావుడి సాధనలో కాళ్ల నొప్పులతో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. డిగ్రీ మొదటి ఏడాది నుంచి ఉదయం పరుగును అలవాటు చేసుకున్న విద్యార్థి మాత్రం నోటిఫికేషన్ తర్వాతి కొద్ది నెలలనూ రాత పరీక్షకే కేటాయించగలుగుతాడు. పరుగు రాని చదువరికీ, రాయలేని పరుగు వీరుడికీ ఈ కొలువు అందదు.

ఆటే వృత్తిగా

ఆటను బోధించడమే వృత్తిగా ఎంచుకునేవారు వ్యాయామ విద్య ప్రవేశ పరీక్ష అయిన పీఈసెట్ రాసి, ఇంటర్ అర్హతతో డిప్లొమా కోర్సు డీపీఈడీలో, డిగ్రీ అర్హతతో బీపీఈడీలో చేరవచ్చు. ఇవి వ్యాయామ ఉపాధ్యాయ ఉద్యోగాలకు దారితీసే రెండేళ్ల కోర్సులు. వ్యాయామ విద్యలో పీజీ అయిన ఎంపీఈడీ చేసి నెట్ లేదా సెట్‌లో అర్హత సాధించినవారు కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టర్ పోస్టులకు పోటీపడవచ్చు. శిక్షకులు కావాలనుకునేవారికి పటియాలాలో 1961లో స్థాపించిన జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా కోర్సులు నిర్వహిస్తోంది.

ఆటతో పైకి వచ్చినవారి ఆదర్శాలు ఉత్తర తెలంగాణలోనే ఉన్నాయి. నిజామాబాద్ ప్రాంతపు గిరిజన కుటుంబంలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ ఆ తర్వాత కూడా ఉన్నత చదువులు కొనసాగించింది. 2022 నాటికి ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలనూ అధిరోహించింది. 2022, 2023 సంవత్సరాల్లో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచిన నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్‌కు 2024లో రాష్ట్ర ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగమిచ్చింది. అందరూ ఆ ఎత్తుకు చేరలేరు గనుకనే మిగిలినవారికి డిగ్రీ పట్టా మరింత అవసరం.

విద్యార్థులు పాటించవలసినవి

ఉదయం గంట సాధన, రాత్రి నిర్ణీత చదువు, ఏడెనిమిది గంటల నిద్ర అన్నవి కదలని కట్టుబాట్లుగా పెట్టుకోవాలి. పోటీలకు వెళ్లేముందే ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా తెలియజేసి, తిరిగొచ్చాక హాజరు పత్రాన్ని అందిస్తే హాజరు లెక్కలో చిక్కులు రావు. పరీక్షల నెలలో సాధనను తగ్గించాలి గానీ పూర్తిగా మానకూడదు. గోండి, కొలామీ, లంబాడీ మాతృభాషలుగా గల విద్యార్థులు జట్టులో కుదిరిన స్నేహాలను ఉమ్మడి చదువుకు, తెలుగు, ఇంగ్లిష్ అభ్యాసానికి వాడుకోవడం పోటీ పరీక్షల్లో ఎంతో ఉపకరిస్తుంది.

ఉట్నూర్ విద్యార్థులు ఈ విద్యా సంవత్సరంలోనే కళాశాల వ్యాయామ విభాగంలో పేరు నమోదు చేసుకోవాలి, తల్లిదండ్రులు మైదానానికి వెళ్లే పిల్లలను ఆపకూడదు, అధ్యాపకులు ఆడే విద్యార్థి వదులుకున్న పాఠాన్ని మళ్లీ చెప్పడానికి కొంత సమయం కేటాయించాలి. పట్టా చేతికొచ్చే నాటికి దాని పక్కన ఒక ఫారం 3 కూడా ఉండేలా ప్రతి క్రీడాకారుడూ ఇప్పటి నుంచే పూనుకోవాలి.