"మా వంశమే అంత" అనుట తగునా?

మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "మా వంశమే అంత. మా తాతకు కోపము, మా నాన్నకు కోపము, నాకును కోపమే." ఈ మాట పలుకువారు సిగ్గుపడకపోగా కొంత గర్వింతురు కూడ. నేనును ముప్పదేండ్లు అట్లే పలికితిని.

మా తండ్రిగారు కూరలో ఉప్పు తక్కువైనచో కంచమును విసరికొట్టెడివారు. మా తల్లి మారుమాటాడక మెతుకులు ఏరెడిది. నేను తలుపు వెనుక నిలిచి, పెద్దవాడనైన పిదప ఇట్లు చేయనని అనుకొనెడివాడను. పెండ్లియైన మూడవయేట నేనును కంచము విసరితిని. నా నోట వచ్చిన తిట్టు సైతము మా తండ్రిగారిదే! నిరుడు నాలుగేండ్ల మనుమడు బువ్వగిన్నెను త్రోసివైచి అదే తిట్టు తిట్టెను. ఇంటిల్లిపాదియు నవ్విరి. మా గృహిణి మాత్రము నవ్వక, మెతుకులు ఏరుటకు వంగినది. ఆ బిడ్డ మా తండ్రిగారిని ఎన్నడును చూచి యెరుగడు.

స్వభావములో కొంత పుట్టుకతో వచ్చునందురు, కాదనను. కంచము విసరుట మాత్రము పుట్టుకతో రాదు, చూచి నేర్చునది. అమెరికా మనోవైద్యుడు ముర్రే బోవెన్ (1913–1990) ఒక్క మనిషిని గాక కుటుంబమునంతను కలిపి పరిశీలింపవలెననియు, కలతలు తరమునుండి తరమునకు ప్రాకుననియు వివరించెను. విసరువాడొక్కడే తయారగునా? ఏరువారును తయారగుదురు. మా అమ్మాయి దేనికిని ఎదురు చెప్పదని అత్తవారు మెచ్చుకొందురు. ఆ మెప్పు నాకిప్పుడు ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది.

భక్తులారా, మనము జననసూతకమును పాటింపనివారము. పుట్టుకవలన మైల అంటదనుచు, కోపము మాత్రము పుట్టుకవలన అంటినదనుట ఏమి న్యాయము? ఇష్టలింగమునకు అర్పించి భుజించు అన్నము ప్రసాదము. అష్టావరణములలో నది యొకటి. దానిని నేలపాలు చేయువాని నుదుట విభూతి యున్న నేమి, లేకున్న నేమి? (ఈ ప్రశ్న ముందుగా నాకే.)

పండ్రెండవ శతాబ్దమున బాగెవాడిలో మాదిరాజు కుమారునకు ఉపనయనము తలపెట్టగా, బాలుడైన బసవన్న వలదనెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఈ ఘట్టము కలదు. ఇంటి ఆచారమని తలయొగ్గుట ఆయనకు సులభమే. తండ్రిపై ద్వేషముచేత కాదు, శివభక్తికి అది చాలదని తోచుటచేత కాదనెను. తండ్రి త్రోవలో ఒక యడుగు ఆపుకొనుట పితృద్రోహమని జంకువారు ఈ ఘట్టమును మరల చదువవలెను.

మొన్న సోమవారము రాత్రి పప్పులో ఉప్పు పడలేదు. మనుమడు నా ప్రక్కనే కూర్చుండెను. చేయి కంచము అంచును పట్టినది. అలవాటు అంత త్వరగా పోవునా! వంటింటివైపు తిరిగి, "కొంచెం ఉప్పు తెస్తావా?" అంటిని. ఆమె తెచ్చినది. వాడు నా చేతివంకనే చూచుచుండెను.